రెండిళ్ళకీ ఒకటే గూడు

"ఆ ఎదుర్లు ఎక్కడికి మోత్తన్నావు?"

కనక పెరటి దారికి అడ్డంగా నిలబడి అడిగింది. భుజం మీద వెదుళ్ళ మోపుతో ఫల్గుణ ఆగిపోయాడు.

"వదినోల పెరట్లోకి."

"ఏల?"

"తెలీనట్టు అడుగుతావేటి? కోళ్ళగూటికి. సంగం మీటింగులో నువ్వూ ఉన్నావు కదా."

ఉంది. ఉండటమేమిటి, ముందు వరసలోనే కూర్చుంది. గూడు కట్టి చూపించిన ఇంటికే వనరాజా కోడిపిల్లలు ఇస్తారని పశువుల ఆసుపత్రి కాంపౌండరు సింహాచలం చెప్పినప్పుడు అందరికన్నా ముందు తల ఊపింది కూడా తనే. కానీ తోటికోడలు సోని పెరట్లో గూడు కట్టడానికి తన మొగుడే వెదుళ్ళు మోస్తాడని ఆ పూట ఆమెకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ మీటింగు అక్కడే ఆగిపోయేది.

"మరి నా గూడు మాటేటి?" అంది.

"నీకుంది కదా."

"ఉంది! దాన్నీ గూడంటారేటి? పాత దడి పుల్లలు పీకి కట్టినావు. ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. ముంగిస దూరి పిల్లల్ని ఎత్తుకుపోతే, పోతే పోనాయిలే అన్నావు. నాకోసం పచ్చెదురు కొట్టడానికి ఏనాడైనా కొండెక్కినావా? ఈయేల కోడి కూయకముందే ఎల్లిపోనావు. ఏరి ఏరి నరికి తెచ్చినావు. ఒక్కదానికంటే ఒక్కదానికి పురుగు నేదు!"

"పురుగెదురు తెత్తే గూడు నిలుత్తాదేటి?"

"అదే నానూ అడుగుతున్నాను. నా గూడు నిలబడక్కర్నేదేటి?"

ఫల్గుణ మోపుని ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకున్నాడు. జవాబు చెప్పలేదు. అతనితో వచ్చిన చిక్కే అది. ఎదురు తిరిగి నాలుగు తిట్టేవాడైతే కనక ఎనిమిది తిట్టి తేలికపడేది. మాట్లాడని మొగుడితో పోట్లాడటం గోడని గుద్దటం లాంటిది, నొప్పి మనకే.

నిన్న సాయంత్రం నుంచీ ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. రెండిళ్ళ మధ్యా ఉన్న దడి సందులోంచి అంతా చూసింది. సోని ఇంటి వెనక గోడ మీద ఫల్గుణ బొగ్గుతో గూడు బొమ్మ గీశాడు. నాలుగు రాటలు, వాటి మీద గది, ఏటవాలు కప్పు. గీసి, "ఇలా నిలబడు వదినా, సెయ్యి సాపు" అన్నాడు. సోని గోడ పక్కన నిలబడి చెయ్యి చాపింది. గుడ్లు తీయడానికి ఆమె చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో చూసి అక్కడొక గీత పెట్టాడు. జరిగిందంతా అంతే. ముట్టుకోలేదు, నవ్వలేదు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అయినా ఆ గీత చూసినప్పటి నుంచీ కనకకి చోడి అంబలి కూడా గొంతు దిగలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, తన చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో ఏనాడూ అడగని మనిషి!

సోని ఫల్గుణ అన్న సోమన్నకి పెళ్ళాం. నిరుడు వానల్లో సోమన్నకి జ్వరమొచ్చింది. డోలీ కట్టి రోడ్డు దాకా దించేలోపే పోయాడు. ఏడాది దినం పెట్టి నెల కూడా కాలేదు. ఏడాది దాటితే అన్న పెళ్ళాన్ని తమ్ముడు చేరదీసుకోవచ్చు. ఈ గుంజిపుట్టు ఊళ్ళో అది తప్పు కాదు, కనక పుట్టిన పాచిపెంట వైపూ తప్పు కాదు. అయితే రెండు చోట్లా ఒక కట్టుబాటుంది. మొదటి పెళ్ళాం సరేననాలి.

ఆ ఒక్క కట్టుబాటే కనకకి ధైర్యం. పెద్దల్ని కూర్చోబెట్టి అడుగుతారు కదా, అడగనీ. చచ్చినా నా నోటితో సరేననను, ఆవిణ్ణి నా గుమ్మం ఎలా ఎక్కిస్తారో చూస్తాను అనుకుంటూ ఏడాదంతా గడిపింది.

"కోళ్ళగూటికి ఇంత గోలేటమ్మీ?" అంది అత్త యర్రమ్మ, వాకిట్లో కూర్చుని. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది.

"నీకు గోలలాగే ఉంటాది అత్తా. నీకిద్దరూ కోడళ్ళే."

"కాదేటి మరి? ఆ గుంటకి మొగోడు నేడు. రాట పాతడానికి ఎవలున్నారు?"

"ఊళ్ళో ఇంకెవలూ నేరేటి? రాటలు పాతడం ఒక్క నీ కొడుక్కే వొచ్చేటి?"

"అన్న పెరట్లో తమ్ముడు పాతక ఊళ్ళోవోలు పాతుతారేటి!"

యర్రమ్మ మాటలో తప్పేమీ లేదు. అందుకే కనకకి ఇంకా మండింది. తప్పు లేని మాటకి బదులెలా చెబుతాం? మూతి ముడుచుకుని దడి వైపు చూసింది. అవతల సోని గొడ్డలితో ఏదో చెక్కుతున్న చప్పుడు. ఈ పోట్లాటంతా వింటూనే ఉంటుంది. వింటూ కిక్కురుమనదు. ఆవిడ మౌనం చూస్తే కనకకి మరీ ఒళ్ళు మంట. మంచిదానిలా ఉండటానికి ఆ మౌనం ఒక్కటీ చాలు కదా.

గూడు కట్టాలంటే ఎన్ని రోజులు? రాటలు, తడకలు, మెత్తటం, కప్పు. ఇన్ని రోజులూ తన మొగుడు ఆ పెరట్లోనే ఉంటాడు. ఆవిడ మంచినీళ్ళిస్తుంది. బద్దలు కట్టే అడ్డనార తడిపి అందిస్తుంది. "ఇలా పట్టుకో వదినా" అంటాడు, ఆవిడ పట్టుకుంటుంది. కట్టేశాక మాత్రం ఊరుకుంటాడా? కప్పు సర్దాలనీ, తలుపు బిగించాలనీ రోజుకొక వంక.

అప్పుడు గుర్తొచ్చింది కాంపౌండరు సింహాచలం చెప్పిన మాట. మైదానం మనిషి, తనకు తెలిసింది తను చెప్పాడు. పక్కపక్క ఇళ్ళయితే ఒకే పెద్ద గూడు కట్టుకోవచ్చు, మధ్యలో తడక అడ్డం పెట్టుకుంటే చాలు, ఖర్చు కలిసొస్తుంది అన్నాడు.

"అయితే ఒక పని సెయ్యి," అంది కనక. "రెండిళ్ళకీ ఒకటే గూడు కట్టు. మన పెరట్లో. అక్క కోళ్ళూ ఇక్కడే పడుకుంటాయి."

యర్రమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. దడి అవతల గొడ్డలి చప్పుడు ఆగింది. ఫల్గుణ మోపు దించి కింద పెట్టాడు.

"ఏటన్నావు?"

"సెవుడేటి? ఒకటే గూడంటన్నాను."

"నిజంగానే సెప్తన్నావా?"

"పరాసికాలాడ్డానికి నాకింకేటీ పని నేదనుకున్నావేటి!"

ముగ్గురికీ ఒక్కసారే నోరు పడిపోవడం చూసి కనకకి కడుపు చల్లబడింది. బాగా తగిలిందిలే అనుకుంది. నిన్నటి నుంచీ మొదటిసారి ఆకలేసింది. లోపలికి వెళ్ళి రెండు డొప్పల అంబలి తాగింది.

* * *

గూడు లేవడం మొదలుపెట్టింది.

అబద్ధమెందుకు, ఫల్గుణ పనిమంతుడు. నడుం ఎత్తున నాలుగు మద్ది రాటలు పాతాడు. పాత నూనె డబ్బా రేకులు కత్తిరించి ఒక్కో రాటకీ గరాటులా చుట్టాడు, ముంగిస ఎగబాకితే జారి కిందపడేలా. నేలకి చీల్చిన వెదురు బద్దలు వేలెడేసి సందుతో పరిచాడు, రెట్ట కిందికి పడిపోయేలా. కింద బూడిద పోస్తే చాలు, వాసన రాదు. గాలి పడమటి నుంచి కొడుతుందని కిటికీ తూర్పుకి పెట్టాడు.

కనక పక్కనే కూర్చుని అడ్డనార తడిపి అందించింది. మంచినీళ్ళిచ్చింది. ఇలా పట్టుకో అంటే పట్టుకుంది. ఆవిడ చేయాల్సినవన్నీ తనే చేస్తున్నానని తలుచుకున్నప్పుడల్లా తీపి తిన్నట్టుండేది.

"నా సెయ్యి కొలత తియ్," అంది, రాటల మీద గది ఎత్తు తేల్చే రోజున.

"ఏల? నాకు తెల్సు కదా."

"తియ్ ముందు."

ఆమె రాట పక్కన నిలబడి చెయ్యి చాపింది. ఫల్గుణ బొగ్గుతో గీత పెట్టబోయాడు. కనక పొట్టిది. సోని గీత ఎంత ఎత్తున ఉందో ఆమెకు గుర్తుంది. మెల్లగా మునివేళ్ళ మీద లేచింది.

"కిందికి దిగు. రోజూ మునేళ్ళ మీద నిలబడి గుడ్లు తీత్తావేటి?"

"తీత్తాను. నా ఇట్టం."

అతనికి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో. మడమలు నేలకి ఆనేలా ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కి, ఉన్న ఎత్తుకే గీత పెట్టాడు. ఆ పూటంతా కనక పాట పాడుకుంటూ పని చేసింది. ఇలాంటివి రోజుకొకటి జరిగినా చాలు, ఆమె ఎవరి మీదా పడి ఏడవదు. జరగకపోవడం వల్లనే వచ్చింది గొడవంతా.

మర్నాడే ఆ పాట ఆగింది. ఫల్గుణ కత్తి పట్టుకుని దడి దగ్గర కొలతలు చూస్తున్నాడు.

"దడేల కోత్తన్నావు?"

"వదిన వొచ్చి కోళ్ళు ఇప్పుకోవద్దా? వీధి తిరిగి వొత్తాదేటి రోజూ?"

"ఆవిడ రానక్కర్నేదు. నానే ఇప్పుతాను, నానే మూత్తాను, గుడ్లు నానే అట్టుకెల్లి ఇత్తాను. దడి మీద సెయ్యేసినావంటే ఊరుకోను!"

"సరేలే."

సరేలే అన్నాడు గాని మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహం కనక చూసింది. రాత్రి ఇద్దరూ వీపు వీపు పెట్టి పడుకున్నారు.

ఊళ్ళో ఆడవాళ్ళు గూడు చూడటానికి వస్తూ పోతూ ఉన్నారు. సంఘం పెద్ద సోములమ్మ వచ్చి రాట తడిమి చూసి, కనక బుగ్గ నిమిరింది.

"నీది పెద్ద మనసే కనకా. నాననుకోనేదు."

"దీనికి మనసేటి పిన్నీ, నాలుగు ఎదురుబద్దలే కదా."

"అలాగే అంటావులే," అంటూ సోములమ్మ కళ్ళు తుడుచుకుంది. కోళ్ళగూటికి కన్నీళ్ళేమిటో కనకకి అర్థం కాలేదు. ముసలితనం అనుకుంది.

ఇక మధ్య తడక బిగించే రోజు వచ్చింది. అదే చివరి పని. ఫల్గుణ తడక నిలబెట్టి అడ్డనారతో కడుతుంటే కనక ఇటు గది అటు గది జానలతో కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"అక్క గది పెద్దది సేసినావు."

"వదినకి కోళ్ళెక్కువ కదా."

"నా గూటికి వొచ్చి నా గదికన్నా పెద్ద గదా? తడక అటు జరుపు."

జరిపాడు.

"జరిపినా కిటికీ అంతా అటే ఉండిపోనాది. ఆవిడ కోళ్ళకి ఎండ, నా కోళ్ళకి సీకటి. ఎంత బాగా కట్టినావయ్యా!"

"మరెక్కడ పెట్టమంటావే? ఎటు పెట్టినా నీకు ఏడుపే కదా!"

ఏడుపు అన్న మాట కనకకి ఎక్కడో గుచ్చుకుంది. అవును, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నానని అతనికీ తెలుసన్నమాట. ఊరికీ తెలుసేమో. తెలిస్తే తెలిసింది గాని, కొలతలు తీసి ఏడ్చేదానిలా ఎవరికీ కనపడకూడదనిపించింది.

"అసలు తడకే వొద్దు. తీసీయ్. అన్నీ కలిసే పడుకుంటాయి. నా కోళ్ళూ ఆవిడ కోళ్ళూ అని నాకు తేడా నేదు."

ఫల్గుణ నార వదిలేశాడు. లేచి నిలబడ్డాడు. ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"కనకా. నిజంగానే సెప్తన్నావా?"

"ఒకసారి సెప్తే అర్తం కాదేటి నీకు? నిజంగానే సెప్తన్నాను. ఇంకోసారి అడగకు."

ఇంకోసారి అడగలేదు. తడక విప్పి దడికి ఆనించాడు.

* * *

పొద్దు కొండ చాటుకి దిగుతుండగా కనక కోళ్ళగంప పట్టుకుని వీధి దారిన సోని ఇంటికి వెళ్ళింది. సోని గుమ్మంలో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. తలకి నూనె లేదు, ఒంటి మీద మంచి కోక లేదు, అయినా ఎంత బాగుందో! కనక చూపు తిప్పుకుంది.

"కోళ్ళకొచ్చినానక్కా."

సోని చేట కింద పెట్టింది. "నువ్వొచ్చినావా?"

"నానే. ఆయన్ని పంపుతాననుకున్నావేటి?"

"అత్తకి తెల్సా?"

"వాకిట్లోనే కూకుంది. ఏటక్కా, నాలుగు కోళ్ళియ్యడానికి ఊరందర్నీ అడగాలేటి?"

"ఊరందర్నీ అక్కర్నేదు. నిన్నే అడుగుతున్నాను. బాగా ఆలోసించుకున్నావా సెల్లీ?"

"ఇందులో ఆలోసించడానికేటుంది?"

సోని చేటలో చోళ్ళు వేళ్ళతో అటూ ఇటూ నెడుతూ కూర్చుంది. ఆ ఊరుకోవడం కనకకి ఒక్కలాగే అర్థమైంది. మరిది ఈ పెరట్లో అడుగుపెట్టే పని ఇక ఉండదు కదా, అదీ ఈవిడ బాధ. లోలోపల పొంగిపోయింది.

"ఇయ్యేల వద్దు," అంది సోని చివరికి. "ఇంకో నాలుగు దినాలు పోనీ. నువ్వూ అత్తా ఒకసారి కూకుని మాట్లాడుకోండి."

"నాలుగు దినాలు పోతే కాంపౌండరు వొచ్చీసి ఎల్లిపోతాడు. లెగు. నువ్వు పట్టియ్యకపోతే నానే పట్టుకుంటాను."

"సరే. కానీ నాను పంపనేదు. నువ్వే వొచ్చి పట్టుకెల్తన్నావు. రేపొద్దున్న నన్నొక మాటనకు."

"అనను. బేగి కానీ, సీకటడిపోతంది."

సోని ఒక్కొక్క కోడినీ పట్టి, రెక్కలు సర్ది, గంపలో పెట్టింది. ఎర్రపెట్టని పెట్టాక కోక కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ కన్నీళ్ళు కనక చూసింది. ఏడవనీ అనుకుంది. నేనేడ్చినప్పుడు ఎవరు చూశారు?

గంప నెత్తిన పెట్టుకుని, వీధిలో కనపడిన వాళ్ళందరికీ కనపడేలా నడిచి ఇంటికొచ్చింది. తన చేత్తోనే సోని కోళ్ళని గూట్లోకి వదిలింది. తన కోళ్ళని తోలింది. కాసేపు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి, తర్వాత సర్దుకున్నాయి. కనక తలుపు మూసి గడియ పెట్టింది. ఏడాది తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

* * *

తెల్లారి లేచేసరికి పెరడంతా పేడనీళ్ళతో అలికి ఉంది. గూటి రాటలకి పసుపు రాసి ఉంది. యర్రమ్మ రాట మొదట్లో బియ్యం చల్లి, నుదురు ఆనించి దండం పెడుతోంది. సోములమ్మా మరో ఇద్దరు ముసలమ్మలూ అప్పుడే వచ్చి కూర్చున్నారు. ఫల్గుణ పెరటి గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏటత్తా, కోళ్ళకి గృహప్రవేశం సేత్తన్నావేటి?" అని నవ్వింది కనక.

యర్రమ్మ లేచొచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. ముసలిదాని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"నా పెద్దకొడుకు పోయినకాడి నుంచి ఆ గుంట ఎటు పోతాదో అని నాకు కునుకు నేదమ్మీ. నిన్నడగడానికి నోరు రానేదు. అడక్కుండానే నీయంతట నువ్వే ఎల్లి తెచ్చుకున్నావు. నీ కడుపు సల్లగుండ."

"ఏటి తెచ్చుకున్నాను?"

"సోనిని."

"నాను కోళ్ళు తెచ్చినానత్తా!"

"అదే కదమ్మీ."

కనకకి అప్పటికీ అర్థం కాలేదు. సోములమ్మ దగ్గరికొచ్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. గుంజిపుట్టులో పొలం మగవాడిది, కోళ్ళు ఆడదానివి. ఆడదాని కోళ్ళు ఏ గూట్లో పడుకుంటే ఆ ఇల్లు ఆమెది. చనిపోయిన అన్న పెళ్ళాన్ని తమ్ముడు తెచ్చుకోవాలంటే మొదటి పెళ్ళాన్ని సరేనా అని ఇక్కడెవరూ నోటితో అడగరు. ఆమె మనసొప్పితే తనే వెళ్ళి, ఆవిడ కోళ్ళని తన చేత్తో తెచ్చి, తన కోళ్ళతో కలిపి మూస్తుంది. తెల్లారేదాకా కలిసి పడుకుంటే సరేనన్నట్టే.

కనక చేతులు విడిపించుకుంది.

"మాకాడ ఇలాటిది నేదు! మాకాడ పెద్దలు కూకుని అడుగుతారు. నాకు తెలీదు!"

"తెలీకపోడమేటి? ఇన్నేళ్ళయింది వొచ్చి."

"ఎవలు సెప్పినారు నాకు? ఈ ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఎవలు తెచ్చుకున్నారు గనక నాను సూడ్డానికి? సింహాచలం బాబు ఒకటే గూడు సాలన్నాడు, అది పట్టుకున్నాను."

"ఆ బాబు మద్దిన తడక పెట్టమన్నాడు కదమ్మీ. తడకుంటే రెండు గూళ్ళే. నువ్వే తీయించీసినావు."

కనక వెనక్కి తిరిగింది. మొగుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నీకు తెల్సు."

ఫల్గుణ తలెత్తలేదు.

"సెప్పయ్యా! నీకు తెల్సా, తెలీదా?"

"తెల్సు."

"మరి నాకేల సెప్పనేదు?"

"రెండుసార్లు అడిగినాను కదా. నిజంగానే సెప్తన్నావా అని."

"గూడు గురించి అడుగుతున్నావనుకున్నాను!"

"నాను నీ మనసు గురించి అడిగినాను."

"అబద్దం! మనసు గురించి అడిగేవోడివైతే ఇది సంగతి అని ఒక్క ముక్క సెప్పీవోడివి. నాకు తెలీదని నీకు తెల్సు. తెలిసే ఊరుకున్నావు. నా సేతులతోనే నా గొంతు కోయించినావు!"

గూట్లో కోళ్ళు బయటికి రావాలని గోల చేస్తున్నాయి. కనక తలుపు వైపు పరిగెత్తబోతే యర్రమ్మ అడ్డం నిలబడింది.

"పసుపు రాసినాను తల్లీ. తెల్లారిపోనాది. ఇప్పుడు దాని కోళ్ళని ఎల్లగొడితే అది ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరుగుతాది? మొగుడు పోయిందొక దెబ్బ, ఇదొక దెబ్బా?"

"దాని తల గురించే నీకు! నా తల మాటేటత్తా? నా మంచం, నా పొయ్యి, నా మొగుడు! సగం సేసి పెట్టమంటావేటి?" కనక నేల మీద కూలబడిపోయింది. పంతానికి ఏడవకుండా ఉండే మనిషి నలుగురి ముందూ భోరుమంది. "నాను ఏడుత్తూనే ఉన్నాను, ఆవిడ మీద ఏడుత్తూనే ఉన్నాను, ఒప్పుకుంటన్నాను. నా మొగుడు నాకే ఉండాలనుకోడం తప్పేటి?"

ఎవరూ తప్పనలేదు. ఒప్పనీ అనలేదు.

అప్పుడు సోని వచ్చింది. వీధి తిరిగి, ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. యర్రమ్మనీ సోములమ్మనీ దాటుకుని తిన్నగా గూటి దగ్గరికి నడిచింది.

"నా కోళ్ళు నాను తీసుకెల్తాను," అంది.

"ఒలే సోనీ!" యర్రమ్మ కేక పెట్టింది.

"నువ్వూరుకో అత్తా. దానికి తెలీదు. నిన్ననే నాకు అనుమానం వొచ్చింది, అయినా నోరు మూసుకుని ఇచ్చీసినాను. తప్పు నాది. తెలీక సేసినదాన్ని పట్టుకుని ఒకల కాపురంలోకి నాను రాను. పెద్దలకి నానే సెప్పుకుంటాను, ఊరు ఏటనుకుంటే అనుకోనీ." కనక వైపు తిరిగింది. "లెగు సెల్లీ. ఏడవకు."

కనక నమ్మలేకపోయింది. ఏడాదిగా ఎవరిని చూస్తే ఒళ్ళు మండిందో ఆ మనిషి కాళ్ళ మీద పడాలనిపించింది. ఎన్ని మాటలన్నాను, ఎంత ఏడ్చాను అనుకుంటూ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "అక్కా" అనబోయింది.

సోని గడియ తీసింది. ఎర్రపెట్టని పట్టి గంపలో పెట్టింది. రెండోదాని కోసం లోపలికి చెయ్యి చాపింది.

గట్టు మీంచి ఫల్గుణ లేచి నిలబడ్డాడు.

"ఉండనీ సోనీ," అన్నాడు.

వదినా అనలేదు. సోనీ అన్నాడు. మరిది వదినని పేరు పెట్టి పిలవడం ఆ ఊళ్ళో లేదు. యర్రమ్మ కూడా గతుక్కుమని కొడుకు వైపు చూసింది. సోములమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

కనక మాత్రం మొగుడి వైపు చూడలేదు. సోని వైపే చూసింది.

ఆ పిలుపుకి సోని ఉలిక్కిపడలేదు.